రెండు వేళ్లు కింద

జులై చలి. ఫ్రై బెంతోస్‌లో
నది మీంచి వచ్చే గాలికి రేకుల షెడ్డు పళ్లు కొరుకుతోంది.
హిల్‌మన్ ముందు వెల్లకిలా పడుకుని
నాలుగో బోల్టుని బతిమాలుకుంటున్నాను.
మూడు వచ్చాయి. ఇది రాదు.
రాత్రే నూనె పోసి నానబెట్టాను,
పొద్దున సుత్తితో బుజ్జగించాను,
కాసేపు బూతులూ తిట్టాను.
తుప్పుకి చెవులుండవు.

దోన్యా సులేమా స్టూలు మీద కూర్చుని
సొరబుర్రలోంచి మాతే పీలుస్తూ అంది:
"అదీ పురుడే నాయనా. తొందరపెడితే చిరుగుతుంది."

ముప్పై ఎనిమిదేళ్లు ఈ బండిలో తిరిగిన మంత్రసాని ఆవిడ.
గొర్రెల దొడ్ల పక్కన, మాంసం ఫ్యాక్టరీ వాడల్లో,
ఒకసారి వంతెన మీద, ఈ వెనక సీట్లోనే
జనాన్ని లోకంలోకి లాగింది.
నేనూ అలా లాగబడ్డవాణ్ణే.
కారు నాకు అమ్మింది గానీ
దీపాలు తిన్నగా వెలిగేదాకా షెడ్డు దాటనివ్వనంది.

మధ్యాహ్నానికి బోల్టు కెవ్వుమని ఊడింది.
కొత్త బంపరు సముద్రం దాటి వచ్చింది,
మైనపు కాగితంలో, పెళ్లికొడుకులా మెరుస్తూ.
అందులో నా మొహం వెడల్పుగా, కాస్త మూర్ఖంగా.
రంధ్రాలు మాత్రం అరంగుళం అవతల.
అంగుళాల దేశపు బోల్టుకి
మిల్లీమీటర్ల పానా పట్టదు.
రెంటి మధ్యా నా వేళ్ల తోలు పోయింది.
ఆకురాయితో గంటసేపు రాకాను,
మీసం నిండా ఇనప్పొడి.

ముందు దీపం రిమ్ము తీస్తే లోపల
ఎండిన కందిరీగల గూడు, ఒక గోధుమ గింజ,
ఎన్నేళ్లదో మన్ను.
ఆవిడ చిటికెడు తీసుకుని నలిపి, వాసన చూసి
"సాంచెస్ వంక దగ్గరిది," అంది. "కవలలు."
ఇంకేమీ చెప్పలేదు. నేనూ అడగలేదు.

కొత్త రబ్బరు చుట్టుని సబ్బునీళ్లలో ముంచి కూర్చోబెట్టాను.
ఎర్ర తీగ, నల్ల తీగ,
దేనిదో తెలియని గోధుమరంగు తీగ ఇంకోటి.
ఎర్తు అందక కుడి దీపం మినుకు మినుకుమంది,
నిద్ర చాలని పిల్లాడి కన్నులా.
రంగు గీకి, గీకి,
ఇనుము తెల్లగా నవ్వేదాకా గీకి బిగించాను.
అప్పుడు కళ్లు తెరిచింది.

వెనక దీపాలకి మాత్రం జత కుదరలేదు.
ఎడమ అద్దం పాతదే, ఎండకి వెలిసి
దానిమ్మ గింజ రంగు తిరిగింది.
కుడిది నిన్న కోసిన మాంసం.
"రెండోదీ మార్చనా?"
"ఎందుకూ? వెనకొచ్చేవాడు ఆగితే చాలదూ?"

చీకటి పడ్డాక గోడకి ఎదురుగా నిలబెట్టాం.
గోడ మీద, తొడ ఎత్తులో, రెండు కొట్టివేత గుర్తులు.
ఆవిడ బండి కొన్న కొత్తలో
సుద్దముక్క దొరక్క లిప్‌స్టిక్‌తో గీసినవి.
ఎన్నిసార్లు సున్నం వేశారో గానీ
ప్రతిసారీ ఆ రెంటినీ తప్పించి వేశారు.

స్విచ్చు నొక్కాను.
రెండు గుండ్రటి వెలుగులు గోడెక్కి
గుర్తులకి రెండు వేళ్లు కింద ఆగిపోయాయి.
స్క్రూ తిప్పాను. మళ్లీ తిప్పాను.
ఇక తిరగదు.

"దీపాన్ని ఏడిపించకు," అంది.
"స్ప్రింగులు కుంగాయి. బండే దిగింది."
గోడ దాకా నడిచింది, నీడ ముందు నడుస్తుండగా.
వంగబోయి, నడుము పట్టుకుని ఆగి,
కోటు జేబులోంచి తీసి నా చేతిలో పెట్టింది.
ముదురు ఎరుపు. ఇప్పటికీ వాడుతోంది, తెలీదు నాకు.
"అప్పుడు నేను వంగాను. ఇవాళ నువ్వు."

గీశాను. రెండో గీతకి
గోడ గరుకు తగిలి కొస విరిగింది.
ఆవిడ చూడనట్టు మాతేలో నీళ్లు పోసుకుంది.
మంచులోంచి పురుగులు వెలుగులోకొచ్చి
కొత్త గుర్తుల మీద వాలాయి.

జేబులో నాలుగో బోల్టు ఉంది, వంకరగా.
పారేయాలి.